ట్యాకిల్‌కి మూడు గజాల అవతల: జేసన్ బాబిన్ కేస్ స్టడీ

జేసన్ బాబిన్ ఎన్ఎఫ్ఎల్‌లో, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్‌లో, 12 సీజన్లు ఆడాడు. హ్యూస్టన్, సియాటిల్, కాన్సస్ సిటీ, ఫిలడెల్ఫియా, టెన్నెసీ, మళ్లీ ఫిలడెల్ఫియా, జాక్సన్‌విల్, న్యూయార్క్ జెట్స్, బాల్టిమోర్, అరిజోనా. ఫిలడెల్ఫియాను ఒక్కసారే లెక్కేసినా తొమ్మిది జట్లు. కెరీర్ మొత్తం మీద 64.5 స్యాక్‌లు. బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని (దాడి నడిపి బంతి విసిరేవాణ్ణి) వెనకాలే పడగొడితే అది స్యాక్. ఇద్దరు కలిసి పడగొడితే చెరి సగం, అందుకే ఆ అర. ఈ 64.5లో 30.5 రెండే రెండు సీజన్లలో వచ్చాయి: 2010లో 12.5, 2011లో 18. ఆ రెండేళ్లూ అతను ఆడింది వేర్వేరు జట్లకు. జట్లు మారినా లైన్ కోచ్ (డిఫెన్స్ ముందు వరసకి నేర్పేవాడు) మాత్రం ఒక్కరే, జిమ్ వాష్‌బర్న్.

ఇలా జట్టు తర్వాత జట్టు తిరిగేవాణ్ణి అక్కడ జర్నీమ్యాన్ అంటారు. ఆ మాట వినగానే ప్రతిభ చాలనివాడనో, బద్ధకస్తుడనో అనుకోవడం మామూలే. బాబిన్ ఫైల్ తెరిస్తే ఆ రెండూ నిలబడవు. డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే ఏర్పాటు) మొదటి రౌండ్‌లో తీసుకున్న ఆటగాడు, 6 అడుగుల 3 అంగుళాలు, 260 పౌండ్ల పైచిలుకు. 2009లోనూ 2010లోనూ ఒళ్లు అదే, కాళ్లు అవే. బంతి కదిలే ముందు అతన్ని ఎక్కడ నిలబెట్టారన్నది మారింది. ఈ కేసులో తేల్చాల్సింది ఆ చోటు సంగతే. దానికి అతను ఎంత లాభపడ్డాడో, అతని వెనక నిలబడ్డవాళ్లు ఎంత చెల్లించుకున్నారో కూడా చూడాలి.

హ్యూస్టన్‌లో మొదటి పొరపాటు

వెస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీలో బాబిన్ డిఫెన్సివ్ ఎండ్, అంటే డిఫెన్స్ ముందు వరస చివర నిలబడేవాడు. ఒక చెయ్యి నేలకి ఆనించి, బంతి కదలగానే ఉరికే పని. 2002, 2003లలో వరసగా మిడ్ అమెరికన్ కాన్ఫరెన్స్ ఉత్తమ డిఫెన్స్ ఆటగాడయ్యాడు. 2004 డ్రాఫ్ట్‌లో హ్యూస్టన్ టెక్సన్స్ అతన్ని 27వ ఎంపికగా తీసుకుంది. ఆ నంబర్ కోసం టెన్నెసీ టైటాన్స్‌కి తన రెండో, మూడో, నాలుగో రౌండ్ల ఎంపికలు కూడా అప్పజెప్పింది. ఈ టైటాన్స్ పేరు గుర్తుంచుకోండి, కథలోకి మళ్లీ వస్తుంది.

అప్పట్లో హ్యూస్టన్ హెడ్ కోచ్ డామ్ కేపర్స్ ఆడించేది 3-4. అంటే ముందు వరసలో ముగ్గురు, వాళ్ల వెనక నలుగురు లైన్‌బ్యాకర్లు. బాబిన్‌ని బయటి లైన్‌బ్యాకర్‌గా నిలువుకాళ్ల మీద నిలబెట్టారు. కాగితం మీద అది చిన్న మార్పులా కనిపిస్తుంది. మైదానంలో అది వేరే ఉద్యోగం. చెయ్యి నేల మీదున్నప్పుడు బరువంతా ముందుకి ఉంటుంది, కన్ను బంతి మీదే ఉంటుంది, మొదటి అడుగు ఆలోచన లేకుండా పడుతుంది. నిలబడ్డ లైన్‌బ్యాకర్ ముందు టైట్ ఎండ్‌ని (ఎదుటి వరస చివర నిలబడి, అడ్డుకోవడమూ పాస్ అందుకోవడమూ చేసేవాణ్ణి) చూడాలి, రన్నా పాసా (బంతితో పరుగా, విసరడమా) తేల్చుకోవాలి, పాస్ అయితే ఉరకాలా లేక వెనక్కి వెళ్లి పక్క జోన్ కాపలా కాయాలా అన్నది ఆ ప్లే పిలుపును బట్టి చెయ్యాలి. ఆ తేల్చుకునే క్షణంలోనే ట్యాకిల్, అంటే ఎదుటి వరసలో బయటి వైపు నిలబడి క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడేవాడు, తన కాలు వెనక్కి జరిపి కుదురుకుంటాడు. బాబిన్‌కి ఉన్న పెద్ద ఆస్తి మొదటి అడుగు. ఆ అడుగు ఆలస్యమయ్యే చోటే అతనికి దొరికింది.

మూడు సీజన్లలో స్యాక్‌లు 4, 4, 5. మూడో ఏడు, 2006లో, గ్యారీ క్యూబియాక్ హెడ్ కోచ్‌గా వచ్చి 4-3కి (ముందు నలుగురు, వెనక ముగ్గురు) మార్చాడు. బాబిన్‌కి నప్పే మార్పే అది. కానీ అదే డ్రాఫ్ట్‌లో జట్టు మొట్టమొదటి ఎంపికగా డిఫెన్సివ్ ఎండ్ మారియో విలియమ్స్‌ని తెచ్చుకుంది. పద్ధతి కుదిరిన ఏడాదే కుర్చీ పోయింది. 2007 సెప్టెంబర్ మొదట్లో అతన్ని సియాటిల్‌కి పంపి సేఫ్టీ (డిఫెన్స్‌లో అందరికన్నా వెనక కాపలా కాసేవాడు) మైకేల్ బౌల్‌వేర్‌ని తెచ్చుకున్నారు. బౌల్‌వేర్ కూడా 2004 డ్రాఫ్ట్‌వాడే, రెండో రౌండ్. రెండు జట్లూ తమ పాత పొరపాట్లను ఒకరికొకరు అంటగట్టుకున్నాయి.

డ్రెస్ వేసుకోని ఆదివారాలు

సియాటిల్‌లో ఏం జరిగిందో అర్థం కావాలంటే రోస్టర్ లెక్క తెలియాలి. జట్టులో 53 మంది ఉంటారు. ఆ రోజుల్లో మ్యాచ్‌కి డ్రెస్ వేసుకునేది 45 మందే (2011లో అది 46 అయింది). అంటే ప్రతి ఆదివారం ఎనిమిది మంది మామూలు బట్టల్లో కూర్చుంటారు. గాయాలున్నవాళ్లు పోగా ఆ ఎనిమిదిలో మిగతా కుర్చీలు ఎవరివి? ముందు వరసలో ఏడో, ఎనిమిదో వాడు తప్పకుండా ఉంటాడు. ఎందుకంటే అదనపు లైన్‌బ్యాకర్, అదనపు సేఫ్టీ బంతిని తన్నే ప్లేలైన కిక్‌ఆఫ్‌లో, పంట్‌లో పనికొస్తారు. 260 పౌండ్ల ఎండ్ అక్కడ పెద్దగా పనికిరాడు. సియాటిల్‌లో ఆ ఏడాది ప్యాట్రిక్ కెర్నీ 14.5 స్యాక్‌లు చేశాడు, అవతలి వైపు డారిల్ ట్యాప్ ఉన్నాడు. బాబిన్‌కి స్నాప్‌లే (మైదానంలో ఆడే ప్లేలే) లేవు. స్నాప్‌లు లేకపోతే ఫిల్మ్ (జట్లు చూసి అంచనా వేసే ఆట వీడియో) ఉండదు, ఫిల్మ్ లేకపోతే ధర ఉండదు. జర్నీమ్యాన్ ఇరుక్కునే ఊబి ఇదే.

2008లో సియాటిల్ వదిలేసింది, సీజన్ మధ్యలో కాన్సస్ సిటీ తీసుకుంది. ఆ ఏప్రిల్‌లోనే జారెడ్ ఆలెన్‌ని మిన్నెసోటాకి అమ్ముకున్న కాన్సస్ సిటీ ఆ సీజన్ మొత్తం మీద చేసిన స్యాక్‌లు 10. ఒక్క మనిషివి కావు, జట్టు మొత్తానివి. 16 మ్యాచ్‌ల సీజన్లలో అంత తక్కువ ఇంకే జట్టుకీ లేదు. అంత ఆకలి మీదున్న జట్టే మధ్యలో బాబిన్‌లాంటివాణ్ణి పిలుస్తుంది. 2009లో ఫిలడెల్ఫియా ఈగల్స్‌లో వంతులవారీగా ఆడి 2.5 స్యాక్‌లు చేశాడు. సీజన్ అయ్యాక వాళ్లూ ఆపుకోలేదు.

ఈ దశలో ఆటగాడి కదలికలను డబ్బు నిబంధనలు కూడా నడుపుతాయి. నాలుగు సీజన్లు లెక్కలోకి వచ్చిన ఆటగాణ్ణి వెస్టెడ్ వెటరన్ అంటారు. అలాంటివాడు మొదటి వారం మ్యాచ్ నాటికి రోస్టర్‌లో ఉండి, ఆ తర్వాత తొలగింపుకి గురైతే, ఆ ఏడాది మిగిలిన మూల జీతం అడిగే హక్కు ఉంటుంది. కెరీర్‌లో ఒక్కసారే వాడుకోవచ్చు. అందుకని సగటు వెటరన్‌ని చాలా జట్లు ఆగస్టు చివర వదిలేసి, మొదటి మ్యాచ్ అయిపోయాక మళ్లీ ఫోన్ చేస్తాయి. బయటి నుంచి చూస్తే వాణ్ణి ఎవరూ నమ్మలేదనిపిస్తుంది. చాలాసార్లు అది అకౌంట్స్ సెక్షన్ నిర్ణయం.

నాష్‌విల్: పది గజాల సూటి దారి

2010లో బాబిన్‌ని ఒక్క ఏడాది ఒప్పందం మీద తీసుకున్నది నాష్‌విల్‌లో ఉండే టైటాన్స్. ఆరేళ్ల క్రితం అతని కోసం మూడు రౌండ్ల ఎంపికలు గిట్టించుకున్న జట్టే, ఇప్పుడు డ్రాఫ్ట్ ఎంపిక ఒక్కటీ ఖర్చు చేయకుండా అతన్ని తెచ్చుకుంది.

అక్కడ డిఫెన్సివ్ లైన్ కోచ్ వాష్‌బర్న్. 1999 నుంచి ఉన్నాడు. ఆయన వచ్చిన ఏడాదే జెవాన్ కర్స్ 14.5 స్యాక్‌లతో కొత్త ఆటగాళ్ల రికార్డు పెట్టాడు. 2005లో కైల్ వాండెన్ బాష్ అనే ఎండ్ అరిజోనా నుంచి వచ్చాడు. మోకాళ్ల ఆపరేషన్లతో దాదాపు చేతులెత్తేసిన కెరీర్ అతనిది. మొదటి ఏడాదే 12.5 స్యాక్‌లు చేశాడు. 2010లో వాండెన్ బాష్ డెట్రాయిట్‌కి వెళ్లిపోతే ఆ ఖాళీలోకి బాబిన్ వచ్చాడు. మొదటి ఏడాది అతనివీ సరిగ్గా 12.5. ఇది యాదృచ్ఛికమే, కానీ ఒకే అచ్చులోంచి రెండు ఇటుకలు వచ్చినప్పుడు అచ్చును చూడాలి.

ఆ అచ్చు పేరు వైడ్ నైన్. ముందు వరసలో నిలబడే చోట్లకు అంకెలుంటాయి: గార్డ్ (ట్యాకిల్‌కి లోపలి పక్కనవాడు) బయటి భుజం మీద నిలబడితే 3, ట్యాకిల్ బయటి భుజం మీద 5, టైట్ ఎండ్ బయటి భుజం మీద 9. మామూలు 4-3 ఎండ్ 5 దగ్గర నిలబడతాడు. వాష్‌బర్న్ ఎండ్ 9 దగ్గర, అసలు టైట్ ఎండ్ ఆ వైపు లేకపోయినా సరే, ట్యాకిల్‌కి రెండు మూడు గజాల అవతల నిలబడతాడు. ముఖం క్వార్టర్‌బ్యాక్ వైపు ఏటవాలుగా తిప్పి, వెనక కాలు బాగా వెనక్కి పెట్టి, పరుగుపందెం దిమ్మె మీద ఉన్నట్టు ఒంగుతాడు.

దూరం లెక్క వేస్తే కిటుకు తెలుస్తుంది. ట్యాకిల్ బంతికి సుమారు మూడు గజాల పక్కన ఉంటాడు. షాట్‌గన్‌లో, అంటే కొన్ని గజాల వెనక నిలబడి, బంతి అందుకున్న క్వార్టర్‌బ్యాక్ విసిరేటప్పటికి ఏడు గజాల లోతున ఉంటాడు. 5 దగ్గర నుంచి బయల్దేరినవాడికి గీత గీస్తే దూరం తక్కువే, తొమ్మిది గజాల లోపు. కానీ ఆ గీత మీద 310 పౌండ్ల మనిషి నిలబడి ఉంటాడు. అతని చుట్టూ తిరగాలి, తిరిగేటప్పుడు వేగం చచ్చిపోతుంది. 9 దగ్గర నుంచి దూరం పది గజాల చిల్లర. ఎక్కువే, కానీ సూటి. వేగం పెరుగుతూనే పోతుంది. కబడ్డీలో రెయిడర్‌ని ఎదురుగా ఆపడం వేరు, పక్క నుంచి పరిగెత్తేవాణ్ణి అందుకోవడం వేరు. ట్యాకిల్‌ది రెండో పరిస్థితి. వెనక్కి, పక్కకి ఒకేసారి జరుగుతూ, తను ఎన్నడూ వాడని కోణంలో రెండు గజాల ఖాళీని పూడ్చి, చేతులు వెయ్యాలి. మొదటి రెండు సార్లు బయట నుంచి ఓడిపోతే మూడోసారి తొందరపడి నడుము తిప్పేస్తాడు. అప్పుడు లోపలి దారి తెరుచుకుంటుంది. బయటి వేగంతో భయపెట్టి లోపలికి కోసుకుపోవడం: బాబిన్‌కి కావలసినవి ఈ రెండు కదలికలే. రన్నా పాసా అని ఆగి చూడక్కర్లేదు. వాష్‌బర్న్ సూత్రంలో ఎండ్ ముందు ఉరుకుతాడు, రన్ అయితే దారిలో ఎదురైతే పడగొడతాడు.

హ్యూస్టన్‌లో ఇచ్చిన పనిని తలకిందులు చేస్తే నాష్‌విల్‌లో ఇచ్చిన పని వస్తుంది.

ఫిలడెల్ఫియా: పద్దెనిమిది, దాని వెల

2011 జనవరిలో వాష్‌బర్న్ ఫిలడెల్ఫియాకి మారాడు. ఆ వేసవిలో లాకౌట్ (యజమానులకీ ఆటగాళ్లకీ ఒప్పందం కుదరక లీగ్ ఆగిపోవడం) ముగియగానే ఈగల్స్ బాబిన్‌కి ఐదేళ్లకి సుమారు 2.8 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. ఏడాదిన్నర క్రితం అక్కర్లేదని వదిలేసిన మనిషే! నిజానికి వాళ్లు కొన్నది మనిషినీ కోచ్‌నీ కలిపి ఒక జత.

ఆ సీజన్‌లో బాబిన్ 18 స్యాక్‌లతో లీగ్‌లో మూడోవాడు, ముందున్నది జారెడ్ ఆలెన్ (22), డిమార్కస్ వేర్ (19.5). అవతలి ఎండ్ ట్రెంట్ కోల్‌కి 11. జట్టుకి మొత్తం 50, లీగ్‌లో మిన్నెసోటాతో సమానంగా మొదటి స్థానం. అయినా జట్టు ఫలితం 8-8, ఎనిమిది గెలుపులు, ఎనిమిది ఓటములు. ఇక్కడే కేసు చిక్కబడుతుంది.

ఇద్దరు ఎండ్‌లూ మూడేసి గజాలు బయటికి జరిగితే, తమ వరసలోనే లోపల నిలబడే డిఫెన్సివ్ ట్యాకిల్‌కీ ఎండ్‌కీ మధ్య ద్వారబంధమంత ఖాళీ వస్తుంది. ఆ ఖాళీని మూయాల్సింది వెనకున్న లైన్‌బ్యాకర్లు. మామూలుగా లైన్‌బ్యాకర్ ముందు ఒక లైన్‌మ్యాన్ అడ్డుగా ఉంటాడు, గార్డ్ వచ్చి తాకకుండా కాపాడతాడు. వైడ్ నైన్‌లో ఆ అడ్డు ఉండదు. గార్డ్ ఎవరినీ తాకకుండా నేరుగా రెండో వరసలోకి వచ్చేస్తాడు. కనక లైన్‌బ్యాకర్ రన్‌ని కళ్లు మూసి తెరిచేలోపు పసిగట్టి, 300 పౌండ్లవాణ్ణి ఎదుర్కొని, అప్పుడు పరుగుతీసేవాణ్ణి పట్టుకోవాలి. లేదా సేఫ్టీ కిందికి దిగాలి. దిగితే పైన పాస్ కాపలా పలచబడుతుంది. ఎదుటి జట్లు వాడే మందులు కూడా తెలిసినవే: ఉరికొచ్చే ఎండ్‌ని వదిలేసి అతని వెనక నుంచి బంతి ఇచ్చే డ్రా, లోపలి నుంచి గార్డ్ వచ్చి పక్క నుంచి కొట్టే ట్రాప్, ఉరికినవాళ్ల నెత్తి మీదుగా వేసే స్క్రీన్.

ఈ పద్ధతికి అనుభవమున్న లైన్‌బ్యాకర్లు కావాలి. ఈగల్స్ సీజన్ మొదలుపెట్టింది మధ్యలో కేసీ మ్యాథ్యూస్ అనే కొత్త కుర్రాడితో. లాకౌట్ వల్ల వసంతకాలపు సాధన ఒక్క రోజూ లేదు. పైగా డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా పెట్టిన హువాన్ కాస్టీయో అంతకుముందు దాకా అదే జట్టులో ఆఫెన్సివ్ లైన్ కోచ్. ముందు నలుగురి పద్ధతి ఒకరిది, వెనక ఏడుగురి బాధ్యత ఇంకొకరిది. 2011 అక్టోబర్ 2న శాన్‌ఫ్రాన్సిస్కో మీద మూడో క్వార్టర్‌లో 23-3 ఆధిక్యం ఉండగా 24-23తో ఓడారు. వాళ్ల రన్నింగ్ బ్యాక్ (బంతితో పరుగుతీసేవాడు) ఫ్రాంక్ గోర్ 15 పరుగుల్లో 127 గజాలు తీశాడు. ఆధిక్యంలో ఉన్న జట్టు మీద ఎదుటివాళ్లు పాస్‌లే వెయ్యాలి, అది వైడ్ నైన్‌కి పండగ కావాలి. గోర్ మాత్రం ఆ తెరిచిన ద్వారంలోంచే నడిచాడు.

ఆ తప్పంతా బాబిన్‌ది అనడం అన్యాయం. చెప్పిన పనిని లీగ్‌లో ఎవరికీ తీసిపోకుండా చేశాడు. అయితే స్యాక్ పట్టికలో 18 అని రాసేటప్పుడు, దాని కోసం లైన్‌బ్యాకర్ల ఖాతాలో ఎంత అప్పు రాశారో ఆ పట్టిక చూపించదు.

2012 నవంబర్ 27

రెండో ఏడాది ఎదుటి జట్లు మందు మోతాదు పెంచాయి. ట్యాకిల్ పక్కన టైట్ ఎండ్‌ని పెట్టడం, రన్నింగ్ బ్యాక్ పాస్‌కి వెళ్లే ముందు ఎండ్‌ని ఒక భుజం తగిలించి పోవడం, క్వార్టర్‌బ్యాక్ మూడు అడుగులు వెనక్కి వేసి వెంటనే బంతి విసిరేయడం. చివరిది అన్నిటికన్నా చవక: రెండు సెకన్లలోపు బంతి వెళ్లిపోతే పది గజాల దారి ఎంత సూటిగా ఉన్నా లాభం లేదు. అక్టోబర్ 16న కాస్టీయోని తీసేశారు. నవంబర్ 26 సోమవారం రాత్రి కరోలినా చేతిలో 30-22తో ఓడి జట్టు 3-8 అయింది. మర్నాడే 5.5 స్యాక్‌లున్న బాబిన్‌ని వదిలేశారు. బ్రాండన్ గ్రేహమ్, విన్నీ కరీ లాంటి కుర్రాళ్లకి స్నాప్‌లు కావాలి. డిసెంబర్ 3న వాష్‌బర్న్‌ని కూడా పంపేశారు. అచ్చూ పోయింది, ఇటుకా పోయింది.

ఇక్కడొక నిబంధన చాలామంది తప్పుగా చెబుతుంటారు. వెస్టెడ్ వెటరన్‌ని సీజన్ మొదటి సగంలో వదిలేస్తే అతను స్వేచ్ఛాజీవి, నచ్చిన జట్టుతో మాట్లాడుకోవచ్చు. ట్రేడ్ గడువు (జట్లు ఆటగాళ్లను మార్చుకునే ఆఖరి తేదీ) దాటాక అందరూ వేవర్స్‌లోంచి (వదిలేసినవాణ్ణి మిగతా జట్లు వరసక్రమంలో అడిగి తీసుకునే ఏర్పాటు) వెళ్లాల్సిందే, ఎంత సీనియరైనా. వేవర్స్‌లో ఓటములు ఎక్కువున్న జట్టుకి ముందు అవకాశం. అప్పటికి 2-9తో ఉన్న జాక్సన్‌విల్ చెయ్యెత్తింది. ఆ జట్టుకి పోనని బాబిన్ అనడానికి వీల్లేదు. మిగిలిన జీతం ఒప్పందం యథాతథంగా జాక్సన్‌విల్ నెత్తికి వస్తుంది. అప్పటికే చెల్లించిన సైనింగ్ బోనస్ మిగులు మాత్రం ఫిలడెల్ఫియా క్యాప్ (జట్టు జీతాల గరిష్ఠ పరిమితి) లెక్కలోనే చచ్చిన డబ్బుగా పడి ఉంటుంది. అదే నాలుగు వారాల ముందు వదిలేసి ఉంటే అతను ప్లేఆఫ్స్ దారిలో ఉన్న జట్టుకి వెళ్లి ఉండేవాడేమో. వెటరన్‌కి ఏ తేదీన తొలగింపు వస్తుందన్నది ఎంత జీతం అన్నంత ముఖ్యం.

జాక్సన్‌విల్‌లో మిగిలిన వారాల్లో 1.5, తర్వాతి ఏడు 7.5 స్యాక్‌లు. 2013లో వచ్చిన హెడ్ కోచ్ గస్ బ్రాడ్లీ పద్ధతిలో లియో అనే ఎండ్ పాత్ర ఒకటుంది, అదీ కాస్త బయటికి జరిగి ఉరికే పనే. అంకె పెరగడానికి కారణం వెతుక్కోనక్కర్లేదు.

ఇలాంటి ఫైల్ ఎలా చదవాలి

ఎండ్‌ని కొనేముందు స్యాక్‌ల మొత్తం చూసి ధర కట్టకూడదు. ఒక్కో స్యాక్ ఫిల్మ్ తీసి నాలుగు గంపల్లో వెయ్యాలి. ఎదురున్నవాణ్ణి తనే ఓడించి చేసినవి. మూడు సెకన్లు దాటాక, పాస్ కాపలా బాగుండటం వల్ల దొరికినవి. వేరేవాడు తరిమితే తన ఒళ్లో వచ్చి పడ్డవి. ఎవరూ అడ్డుకోకుండా వదిలేసినవి. మొదటి గంప ఒక్కటే కొత్త జట్టుకి వెంట వస్తుంది. ఆ గంపలోనూ ప్రతిదానికీ పక్కన నిలబడ్డ చోటు అంకె రాయాలి, ఎదురున్న ట్యాకిల్ ఎవరో రాయాలి, టైట్ ఎండ్ సాయం ఉందో లేదో రాయాలి. సొంత మైదానమా కాదా అన్నదీ ముఖ్యమే: ప్రేక్షకుల గోలలో ఎదుటి ట్యాకిల్‌కి క్వార్టర్‌బ్యాక్ కేక వినపడదు, అతనూ బంతినే చూస్తూ కూర్చోవాలి, అప్పుడు ఎండ్‌కి అర అడుగు ఉచితంగా వస్తుంది.

తర్వాత కొనే జట్టు తన ప్లేబుక్ తెరిచి, ఈ చోటు మా దగ్గర మ్యాచ్‌కి ఎన్ని స్నాప్‌లు ఉంది అని లెక్కపెట్టాలి. 60 స్నాప్‌లలో 15 మాత్రమే ఉంటే మూడో డౌన్ (ఎక్కువగా పాస్ వేసే మూడో ప్రయత్నం) ఆటగాడి ధరే ఇవ్వాలి, పూర్తి ధర కాదు. ఆఖరిగా లైన్‌బ్యాకర్ల గదిలోకి వెళ్లి అడగాలి, ఆ ద్వారబంధం మూయగలవాళ్లు ఇద్దరైనా ఉన్నారా అని. ఈగల్స్ మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు తెలిసే కొన్నది. మూడోది అడిగినట్టు 2011 ఫిల్మ్‌లో కనపడదు.

2014లో జెట్స్‌లో, రెక్స్ ర్యాన్ 3-4లో, బాబిన్‌కి 2 స్యాక్‌లు. 2015 మొదటి మ్యాచ్‌లోనే బాల్టిమోర్ బయటి లైన్‌బ్యాకర్ టెరెల్ సగ్స్ మడమ వెనక స్నాయువు తెగిపోతే ఆ ఖాళీలోకి పిలిచారు. అక్కడ సీజన్ పూర్తికాలేదు. సీజన్ చివర్లో అరిజోనా తీసుకుంది, అదీ 3-4 జట్టే. 24 ఏళ్లప్పుడు హ్యూస్టన్ అతన్ని నిలువుకాళ్ల మీద నిలబెట్టిన ఆ పాత చోటుకే, 35 ఏళ్లకి, మూడో డౌన్‌కి మాత్రం లోపలికి వచ్చే మనిషిగా తిరిగి చేరాడు.